కోపం వచ్చింది సరే, కర్త ఎవరు?

మొన్న సాయంత్రం మా మనవరాలు బళ్ళోంచి వస్తూనే చెప్పులో మూలకీ, సంచీ ఓ మూలకీ విసిరేసి, తెలుగు నోటుబుక్కు తెచ్చి నా వొళ్ళో పడేసింది.

"చూడు అమ్మమ్మా, నాకు మార్కు తీసేశారు."

చూశాను. అయిదు వాక్యాలిచ్చి కర్త కింద గీత గియ్యమన్నారు. నాలుగు సరిగ్గానే గీసింది. అయిదోది "నాకు కోపం వచ్చింది" అన్న వాక్యం. మా పిల్ల 'నాకు' కింద గీత గీసింది. దానిమీద ఎర్రసిరాతో ఇంటూ కొట్టి, పక్కన 'కోపం' అని దిద్దారు.

"వచ్చింది కోపం గనక కోపమే కర్తట. కోపం వచ్చింది నాకైతే నేను లేనా అందులో?" అంది ముక్కుపుటాలెగరేస్తూ.

పంతులమ్మని తప్పుపట్టడం పెద్దవాళ్ళకి తగదు గదా! పైగా ఆవిడ చెప్పిందీ శాస్త్రప్రకారమే. అంచేత గొంతు సవరించుకుని నేనూ శాస్త్రమే చెప్పాను. మన క్రియకి చివర ఒక తోక ఉంటుంది. నేనైతే వచ్చాను, నువ్వైతే వచ్చావు, వాళ్ళైతే వచ్చారు. ఆ తోక ఎవర్ని చూపిస్తే వాళ్ళే కర్త. "నాకు కోపం వచ్చింది" అన్నప్పుడు 'వచ్చాను' అనలేదు చూడు, 'వచ్చింది' అన్నావు. అదే "నాకు కన్నీళ్ళు వచ్చాయి" అను, కన్నీళ్ళు చాలా గనక 'వచ్చాయి' అయింది. తోక కన్నీళ్ళ వెంటే పోయింది గాని నీ వెంట రాలేదు. పైగా డు, ము, వు, లు అని వల్లించావు కదా, అది మొదటి పీట. 'కు' ఎక్కడుంది? ఆరో పీట మీద, షష్ఠీ విభక్తిలో. ఆరో పీట మీద కూర్చున్న మనిషి ఇంటికి యజమానురాలెలా అవుతుందే?

ఒక్క నిమిషం ఆలోచించింది. తరవాత, "అయితే, 'నాకు కోపం వచ్చి పెన్సిలు విసిరేశాను' అంటే? విసిరింది కోపమా, నేనా?" అంది.

నా నోట మాట లేదు. వచ్చి, విసిరి, వెళ్ళి అంటూ పనులు వరసగా చెప్పుకుపోయేటప్పుడు అన్ని పనులకీ ఒకే కర్త ఉండాలని కదా చిన్నప్పుడు మేమూ చదువుకున్నాం! "ఊరికి వెళ్ళి తిరిగొచ్చాను" అంటే వెళ్ళిందీ నేనే, వచ్చిందీ నేనే. మరి "కోపం వచ్చి విసిరేశాను" అంటే వచ్చింది కోపం, విసిరింది మనవరాలు. అయినా వాక్యం ఎక్కడా కుంటినట్టు లేదు. రోజూ ప్రతి ఇంట్లోనూ వినపడేదే. ఆరో పీట మీద కూర్చున్న ఆ 'నాకు' నిజంగా ఆరోదేనా అని నాకే అనుమానం వచ్చింది.

చిత్రమేమిటంటే, మా పిల్ల అడిగిన ఈ ప్రశ్న మా ఇంటికి నడిచివెళ్ళేటంత దూరంలోనే పెద్ద పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి నలిపిన ప్రశ్న. మా అడిక్‌మెట్ వాళ్ళకి యూనివర్సిటీ అంటే పొద్దున్నే నడకకి వెళ్ళే చోటు. చెట్లూ, విశాలమైన రోడ్లూ, ఆ చివర గులాబి ఛాయ రాళ్ళతో కట్టిన ఆర్ట్స్ కాలేజీ. ఉస్మానియా 1918లో పుట్టినా మొదట్లో దానికి సొంత గూడు లేదు, ఊళ్ళోనే అద్దె ఇళ్ళల్లో నడిచింది. తరవాత అడిక్‌మెట్ వైపు చోటు చూశారు. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేసి, 1939లో ప్రారంభించారు. అప్పట్లో అక్కడ చదువంతా ఉర్దూలో. వైద్యమూ, లెక్కలూ కూడా ఉర్దూలోనే చెప్పాలని 1917లోనే తర్జుమా శాఖ ఒకటి పెట్టి పుస్తకాలు రాయించారు. 1948 తరవాత ఇంగ్లీషు వచ్చింది. ఇక 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు భాషాశాస్త్ర ఆచార్యులుగా వచ్చి ఆ శాఖని నిలబెట్టారు. ఇటు తార్నాక వైపు చూస్తే 1958లో మొదలైన ఇంగ్లీషు సంస్థ ఉంది. 1972లో దానికి విదేశీ భాషలు కూడా చేరాయి, 2007లో అదే ఇఫ్లూ విశ్వవిద్యాలయమైంది. అంటే కర్త గురించి అడగడానికి మా వాడకంటే మంచి వాడ దొరకదన్నమాట!

అసలీ చిక్కు ఎక్కడ మొదలైందో చూద్దాం.

కర్త అన్న మాట పాణినిది. ఆయన లెక్కలో కర్త అంటే పనిలో స్వతంత్రం ఉన్నది. ఎవరి చేతిలోనో పనిముట్టుగా కాకుండా తనంతట తాను నడిపేది. మొదటి విభక్తిలో ఉన్నదే కర్త అని ఆయన అనలేదు. సంస్కృతంలో "రాముని చేత రావణుడు చంపబడ్డాడు" అన్న పద్ధతి వాక్యాలు కొల్లలు. అక్కడ రాముడు మూడో విభక్తిలో ఉన్నా కర్త రాముడే. ఇంకో సొగసు కూడా ఉంది. స్వతంత్రం ఎవరిదన్నది చెప్పేవాళ్ళ ఇష్టాన్నిబట్టి ఉంటుందన్నారు మన పాతవాళ్ళు. దాన్ని వివక్ష అంటారు. వండేది మనిషే అయినా "గిన్నె వండుతోంది" అనొచ్చునట, ఆ గిన్నె గొప్ప చెప్పాలనుకుంటే. మనకి ఇదేం కొత్త కాదు. "ఈ కుక్కరు బ్రహ్మాండంగా వండుతుందండీ" అని ఇంటాయన చుట్టాలతో అంటుంటారు. బియ్యం కడిగిందెవరు, నీళ్ళు కొలిచిందెవరు, మూడో కూత రాగానే పరిగెత్తి స్టవ్ కట్టేసిందెవరు? వాళ్ళు వాక్యంలోనే లేరు!

తరవాత తెలుగు వ్యాకరణాలొచ్చాయి. పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858లో అచ్చయింది. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే పది పరిచ్ఛేదాల్లో సంధి ఉంది, సమాసం ఉంది, కారకం ఉంది. వాక్యానికంటూ విడిగా ఒక గది లేదు. అంత శాస్త్రీయంగా, అంత క్లుప్తంగా రాసిన పుస్తకం మళ్ళీ రాలేదనే చెప్పాలి, కాని ఆయన చూపు పదం మీద. ఇంకోవైపు దొరలు ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు రాశారు. కాంప్‌బెల్‌ది 1816లో, బ్రౌనుది 1840లో వచ్చాయి. వాళ్ళ చదువులో వాక్యమంటే రెండు ముక్కలు, సబ్జెక్టూ ప్రెడికేటూను. మన బళ్ళల్లో ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే చెప్పవలసివచ్చాక సబ్జెక్టు అన్నదానికి తెలుగులో ఏం పేరు పెట్టాలి? కర్త అన్న పాత పేరు సిద్ధంగా ఉంది. అది తగిలించారు. అప్పట్నుంచి ఆ ఒక్క మాట మూడు బరువులు మోస్తోంది. పని చేసేది ఎవరు, క్రియ తోక ఎవర్ని చూపిస్తుంది, అసలు మాట ఎవర్ని గురించి అన్న మూడూను. "సీత ఉత్తరం రాసింది" లాంటి వాక్యంలో మూడూ ఒకరే గనక గొడవ లేదు. "నాకు కోపం వచ్చింది"లో మూడూ మూడు దార్లు పట్టాయి. చేసేవాళ్ళు లేనే లేరు, తోక కోపాన్ని చూపిస్తోంది, మాట మటుకు నా గురించి.

ఉస్మానియాలోనే పనిచేసిన చేకూరి రామారావుగారు 1975లో 'తెలుగు వాక్యం' అని ఒక పుస్తకం వేశారు. ఆయన అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వచ్చినవారు. తరవాతి రోజుల్లో ఆంధ్రజ్యోతిలో 'చేరాతలు' రాసిన చేరాగారంటే చాలామందికి తెలుస్తుంది. 'తెలుగు వాక్యం' చిన్న పుస్తకమే. కాని అది మనం నోటితో మాట్లాడుకునే వాక్యాలని ముందు పెట్టుకుని, వాటిని లోపల ఏ సూత్రం కడుతోందా అని చూసింది. పదేళ్ళ తరవాత, 1985లో, కృష్ణమూర్తిగారు ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన గ్విన్ దొరతో కలిసి ఆధునిక తెలుగుకి ఇంగ్లీషులో పూర్తి వ్యాకరణమే వేశారు. వంటింటి భాష అని ఎవరూ పట్టించుకోని మాటలకి సింహాసనం వేసినట్టయింది.

వాక్యంలో పెద్దరికం ఎవరిదో తేల్చడానికి భాషాశాస్త్రజ్ఞులు కొన్ని పరీక్షలు పెడతారు. అందులో నాకు నచ్చింది 'తన' పరీక్ష. "సీత తన చెల్లెల్ని పిలిచింది" అంటే ఎవరి చెల్లెలు? సీత చెల్లెలే. 'తన' అన్న మాట సాధారణంగా కర్త కొంగు పట్టుకుని తిరుగుతుంది. ఇప్పుడు "సీతకి తన చెల్లెలి మీద కోపం వచ్చింది" అనండి. ఇక్కడా సీత చెల్లెలే కదా! వాక్యానికి అసలు పెద్ద కోపమే అయితే 'తన చెల్లెలు' అంటే కోపం చెల్లెలు కావాలి. కోపానికి చెల్లెలెక్కడిది? అంటే తోక కోపానికి దక్కినా కొంగు మాత్రం సీతదే. మా మనవరాలు విసిరిన పెన్సిలుదీ ఇదే కథ. 1976లో ఎడ్వర్డ్ కీనన్ అనే అమెరికా పండితుడు ప్రపంచ భాషల్లోంచి ఇలాంటి గుణాలన్నీ ఏరి, సబ్జెక్టు అనేది ఒకే గుణం కాదు, చాలా గుణాల మూట అన్నాడు. మూటలో కొన్ని ఒకరికీ, కొన్ని ఇంకొకరికీ పోవచ్చు. రేషను కార్డు మీద పెద్ద ఒకరు, ఇంట్లో మాట చెల్లేది ఇంకొకరిది ఉండదూ! (2013 ఆహార భద్రత చట్టం కార్డు మీద కూడా పెద్ద ఆడదాన్నే ఇంటి పెద్ద అంది లెండి.)

ఈ 'నాకు' వాక్యాలు మన ఒక్కళ్ళ సొత్తూ కాదు. తమిళులు ఎనక్కు పసిక్కిఱదు అంటారు, కన్నడిగులు ననగె హసివాగిదె అంటారు, హిందీవాళ్ళు ముఝే భూఖ్ లగీ హై అంటారు. కుటుంబాలు వేరైనా ఇరుగుపొరుగున కాపురముండి ఒకరి అలవాట్లు ఒకరికొచ్చాయని 1956లో ఎమెనో అనే ఆయన మన దేశాన్నంతా కలిపి ఒక భాషామండలం అన్నాడు. 2004లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇలాంటి వాక్యాల మీదే రెండు లావుపాటి సంపుటాలొచ్చాయి. సంపాదకులిద్దరూ మనవాళ్ళే, పేరి భాస్కరరావుగారూ, కారుమూరి వెంకట సుబ్బారావుగారూ. ఇంకా విచిత్రం, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళకీ ఈ అలవాటుండేది. పాత ఇంగ్లీషులో 'నాకు ఆకలవుతోంది' అన్నట్టే అనేవారు. షేక్స్పియరు నాటకాల్లో కనిపించే 'మెథింక్స్' దాని ఆనవాలే. నాకనిపిస్తోంది అని దానర్థం. కాలక్రమాన ఆ 'నాకు'లన్నీ పోయి అన్నింటికీ 'ఐ' వచ్చి కూర్చుంది. ఆకలీ నేనే, కోపమూ నేనే, ఇష్టమూ నేనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఆడవాళ్ళకి కోపం, దుఃఖం, ఇష్టం అన్నీ వచ్చి మీద పడేవే తప్ప మనం చేసేవి కావని భాషే చెబుతోందని ఎవరో ఉపన్యాసంలో అంటే విన్నాను. వినడానికి బాగానే ఉంది గాని నాకు నచ్చలేదు. మగవాళ్ళకీ కోపం వస్తూనే ఉందిగా, ఎక్కువే వస్తోంది కూడానూ! పైగా "నేను కోప్పడ్డాను" అని కూడా మన భాషలో ఉంది. కోపం రావడం వేరు, కోప్పడడం వేరు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది. ఈ తేడా ఇంత తేలిగ్గా చెప్పగల భాష దొరికినందుకు సంతోషించాలి.

ఇక మూడో బరువు సంగతి, అంటే మాట ఎవర్ని గురించి అన్నది. ఇది కర్త కన్నా తమాషా అయినది. పాలగిన్నె ఖాళీగా కనిపించిందనుకోండి. "పిల్లి ఏం చేసింది?" అంటే "పిల్లి పాలు తాగింది" అంటాం. "పాలేమయ్యాయి?" అంటే "పాలు పిల్లి తాగింది" అంటాం. "పాలు తాగిందెవరు, చెప్పు!" అని గద్దిస్తే "పాలు తాగింది పిల్లి" అంటాం. మూడింట్లోనూ కర్త పిల్లే. కాని మొదటిది పిల్లి కథ, రెండోది పాల కథ, మూడోది దొంగని పట్టిచ్చే కథ. ఆ మూడోదాంట్లో ఇంకో వింత చూడండి. తాగింది మగపిల్లాడే అయినా "పాలు తాగింది మా వాడే" అంటాం గాని 'తాగాడు మా వాడే' అనం. తోక కూడా తన పట్టుదల మానేసి తప్పుకుంది, దొంగ పేరుకి దారివ్వడానికి.

తెలిసిందాన్ని ముందు పెట్టి కొత్తదాన్ని తరవాత చెప్పే ఈ పద్ధతిని ప్రేగ్ నగరంలో మథేసియస్ అనే పండితుడు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో బాగా తరచి చూశాడు. కాని మనవాళ్ళు అంతకు చాలా ముందే దీనికి ఉద్దేశ్యం, విధేయం అని పేర్లు పెట్టారు. విధేయానికి, అంటే కొత్తగా చెప్పదల్చుకున్నదానికి, దక్కాల్సిన ప్రాధాన్యం దక్కకపోతే అది కావ్యదోషమని పదకొండో శతాబ్దంలోనే మమ్మటుడు లెక్కకట్టాడు. ఉత్తరంలో "సరోజకి మగపిల్లవాడు పుట్టాడు" అన్న కబురు మూడో పేజీలో మామిడికాయల ధరల మధ్య రాసే మా పెద్దత్తయ్యకి ఈ దోషం సంగతి ఎవరూ చెప్పలేదు!

ఇంగ్లీషులో పాలని ముందుకి తేవాలంటే పెద్ద ప్రయాస. క్రియ రూపమే మార్చి "పాలు పిల్లి చేత తాగబడ్డాయి" అన్నట్టు చెప్పాలి. మనకి ఆ అవసరం లేదు, పాలని ముందుకి జరిపితే చాలు. అయినా కార్యాలయాల తెలుగులోకీ, పేపర్ల తెలుగులోకీ ఈ 'బడు' వచ్చి చేరింది. నిర్మించబడింది, నిర్ణయించబడింది, తెలియజేయబడుతోంది. ఇంట్లో "కూర వండబడింది, వడ్డించబడును" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

జపానువాళ్ళకయితే కథ ఎవర్ని గురించో చెప్పడానికి 'వ' అనీ, కర్తకి 'గ' అనీ వేరువేరు అక్షరాలే ఉన్నాయి. ఏనుగు ముక్కు పొడుగు అన్న వాక్యంలో ఏనుగుకి 'వ', ముక్కుకి 'గ' తగిలిస్తారు. మికామి అకిరా అనే హైస్కూలు లెక్కల మాస్టారు 1960లో ఆ వాక్యాన్నే పేరుగా పెట్టి ఒక పుస్తకం రాశాడు. జపాను భాషకి సబ్జెక్టు అన్న మాటే అక్కర్లేదు, బడిలో చెప్పడం మానెయ్యండి అని వాదించాడాయన. 1976లో చార్లెస్ లీ, శాండ్రా థాంప్సన్ అనే ఇద్దరు, ఇంగ్లీషు లాంటివి కర్త చుట్టూ తిరిగే భాషలు, చైనా భాష లాంటివి విషయం చుట్టూ తిరిగేవి, జపాను భాష లాంటివి రెంటినీ పట్టుకున్నవి అని వర్గాలు చేశారు. 'అన్నయ్యేమో ఢిల్లీలో, వదినేమో పుట్టింట్లో' అనుకునే మనం ఏ వర్గమో మీరే ఆలోచించండి.

ఈ వర్గాల గొడవ పుస్తకాల్లోనే ఉందనుకోకండి, మా వీధిలోనూ ఉంది. పుస్తకాల ఉర్దూలో మైనే రోటీ ఖాయీ అనాలి. తిన్నది మగవాడే అయినా క్రియ తోక రొట్టె వెంట పోయి ఆడరూపం అవుతుంది. ఆర్ట్స్ కాలేజీలో ఒకప్పుడు ఆ ఉర్దూ పాఠాలే మోగాయి. కాని గేటు దాటి ఇటు రండి, మా వాడ దక్కనీలో ఆ 'నే' జారిపోతుంది, మై రోటీ ఖాయా అంటారు. తోక మళ్ళీ తిన్నవాడి దగ్గరికొచ్చేసింది, మన తెలుగులోలాగే. 'అని' అనాల్సినచోట బోల్కే అంటారు చూడండి, అదీ మన పొరుగు చలవే. నాలుగు వందల ఏళ్ళు ఒకే బజారులో కూరలు కొనుక్కున్నాక తోకలూ పీటలూ ఒకరివొకరికి రాకుండా ఉంటాయా!

విషయం ఒకసారి తెలిసిపోయాక మనం దాని పేరే ఎత్తం. ఈ విద్యలో మా అమ్మని మించినవాళ్ళు లేరు. ఆవిడ కాలంలో మొగుడి పేరు చెప్పకూడదు. "ఇంకా రాలేదు. వచ్చాక స్నానం చేస్తారు, ఆ తరవాతే భోజనం" అనేది. ఎవరు? అని ఇంటికొచ్చిన పోస్టుమాను కూడా అడిగేవాడు కాదు. ఒక్క 'రు' తోకతో ఒక నిండు మనిషిని రోజంతా నడిపించేది. అదే తోకకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఇందాక నేనే రాశాను, ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేశారు, 1939లో ప్రారంభించారు అని. ప్రారంభించింది నిజామని చరిత్రలో ఉంది. పునాది తవ్వింది, రాళ్ళు మోసింది ఎవరు? అక్కడా 'రు' ఒక్కటే. మా అమ్మ 'రు'లో మనిషి అందరికీ తెలుసు గనక పేరు లేదు. ఈ 'రు'లో మనుషులు ఎవరికీ తెలియరు గనక పేర్లు లేవు.

ఇదంతా మా మనవరాలికి రెండు రోజులు విడతలు విడతలుగా చెప్పాను. పాలు తాగిన పిల్లి దగ్గర నవ్వింది, పాణిని దగ్గర ఆవలించింది. చివరికి, "అయితే పంతులమ్మదీ రైటే, నాదీ రైటేనా?" అంది.

"ఆవిడ తోక చూసింది, నువ్వు కొంగు చూశావు" అన్నాను.

"మరి మార్కు?"

"మార్కు తోకకే వేస్తారమ్మా."

మూతి ముడుచుకుని నోటుబుక్కు తీసుకెళ్ళిపోయింది. అయిదు నిమిషాలకి వంటింటి గడప దగ్గర నిలబడి, "అమ్మమ్మా, ఆకలేస్తోంది" అంది. ఎవరికి అన్నది చెప్పనే లేదు. నేను లేచి అట్లపెనం పొయ్యి మీద పెట్టాను.